నీ మంచికే దాచానంటే ఒప్పుకోవాలా?

పోయిన సంచికలో కమలా ఖాన్ గురించి నాలుగు మాటలు రాశాను కదా, దానికి పర్లాకిమిడి నుంచి సిరొంచ దాకా అమ్మాయిలు ఉత్తరాలు రాశారు. ఒక్కరు కూడా ఆ పిల్ల శక్తుల గురించి అడగలేదు. అందరూ అడిగింది స్నేహితురాళ్ల గురించే. ఎవరు ఎవరికి చెప్పలేదు, ఎవరు ఎవరిని వదిలేశారు, మళ్లీ మాట్లాడాలా వద్దా అని. నాకు చాలా సంతోషంగా ఉంది, ఎందుకంటే ఆ కామిక్‌లో అసలు సంగతి అదే.

చదవనివాళ్ల కోసం క్లుప్తంగా చెప్తాను. కమలా ఖాన్ అమెరికాలోని జెర్సీ సిటీలో ఉండే పదహారేళ్ల పిల్ల, అమ్మానాన్నలు కరాచీ నుంచి వెళ్లినవాళ్లు. ఒంటిని ఎలా కావాలంటే అలా సాగదీసుకునే శక్తి వస్తుంది, ముసుగు వేసుకుని మిస్ మార్వెల్ అవుతుంది. మార్వెల్ కంపెనీ 2014లో ఈ కామిక్ మొదలుపెట్టింది. జి. విల్లో విల్సన్ రాశారు, మొదట్లో బొమ్మలు ఏడ్రియన్ ఆల్ఫోనా వేశారు. మొదటి సంపుటానికి 2015లో సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ రచనలకిచ్చే హ్యూగో అవార్డు వచ్చింది. కమలకి ఇద్దరు ప్రాణస్నేహితులు: కిరాణా కొట్లాంటి షాపులో పనిచేసే బ్రూనో, మసీదుకి కలిసి వెళ్లే నకియా. శక్తుల సంగతి బ్రూనోకి తెలుసు, నకియాకి కమల చెప్పలేదు. ఇక ఉత్తరాలు చూద్దాం.

*పర్లాకిమిడి నుంచి ఒక చెల్లి:* అక్కా, మేం ముగ్గురం ప్లస్ టూ నుంచి ఒక జట్టు. ఇప్పుడు డిగ్రీ అయిపోవచ్చింది. మాలో ఒకత్తికి విశాఖపట్నంలో ఉద్యోగం వచ్చింది. ఆ సంగతి మా రెండో ఆమెకి చాలా ముందే తెలుసు. నాకు మాత్రం బయల్దేరే ముందురోజు, అదీ వాళ్లమ్మ చెబితే తెలిసింది. ఏమే అని అడిగితే ‘నువ్వు బాధపడతావని చెప్పలేదే’ అంది. మిస్ మార్వెల్ ముగ్గురం ఒకే ఫోన్లో చదివినవాళ్లం. నన్ను నకియాని చేసేశారు. నేను మాట్లాడటం మానేస్తే ఇప్పుడు అందరూ నాదే తప్పంటున్నారు.

చెల్లీ, నీకు కోపం రావడంలో తప్పేమీ లేదు, ఆ మాట ముందు చెప్పేస్తున్నాను. ‘నువ్వు బాధపడతావని’ అనేది వినడానికి ప్రేమగా ఉంటుంది కానీ దాని అర్థం ఏమిటి? నీ బాధ గురించి నిన్ను అడక్కుండా ఆమే తేల్చేసింది. పైగా నీ బాధ ఎక్కడికీ పోలేదు, అది అలాగే వచ్చింది, పోయింది మాత్రం ఆమెతో గడపాల్సిన ఆ కొన్ని వారాలు. కలిసి బట్టలు కొనడానికి వెళ్లేదానివి, ప్యాకింగ్‌లో సాయం చేసేదానివి, ఏడ్చేదానివి కూడా, అయితే ఏం? నీకు రావాల్సిన ఏడుపు నీది. దాన్ని నీకు రాకుండా ఆపే హక్కు ఇంకొకరికి లేదు.

నకియా సంగతికి వద్దాం, నువ్వే తెచ్చావు కాబట్టి. నకియా ఎంత తెలివైన పిల్లో నీకు తెలుసు. మూడో సంచికలో మసీదులో ఆడవాళ్లు పక్కగుమ్మం నుంచి రావాలి, తెర వెనక కూర్చోవాలి అన్నదాని మీద ఇద్దరూ కలిసి ప్రశ్నలు వేస్తారు, అంత జత వాళ్లిద్దరూ. అలాంటిదానికి కమల ఏమీ చెప్పదు. ఎక్కడికో మాయమవుతుంది, ఫోన్ ఎత్తదు, ఏదో సాకు చెప్తుంది. ఒక్కొక్కటి చిన్న అబద్ధమే, కానీ అవతలి మనిషికి అవన్నీ కలిపి చూస్తే ‘నేను దీనికి అక్కర్లేదు’ అనే కనిపిస్తుంది. కమల మనసులో అలా లేదు. అది నకియాకి ఎలా తెలుస్తుంది?

అయితే ఒక్క సంగతి గుర్తుచేస్తాను. బ్రూనోకి కమల కూర్చోబెట్టి చెప్పలేదు. అతను పనిచేసే షాపులో దొంగతనం ఆపబోయి కమల తుపాకీ దెబ్బ తిన్నది, ఆ గొడవలో అతనికి తెలిసిపోయింది. అంటే నకియా కంటే బ్రూనో ఎక్కువని ఎంచుకుని చెప్పింది కాదు. మీ రెండో ఆమెకి ఉద్యోగం సంగతి ఎలా తెలిసిందో నువ్వు కనుక్కున్నావా? అప్లికేషన్ పెట్టేటప్పుడు పక్కన ఉందేమో, మెయిల్ వచ్చినప్పుడు చేతిలో ఫోన్ ఆమెదేమో. అలా అయితే ఇద్దరూ కలిసి నిన్ను పక్కన పెట్టారని నువ్వు అనుకుంటున్నదాంట్లో సగం తగ్గుతుంది. మిగతా సగం, అంటే తెలిసిన తర్వాత కూడా ఇద్దరూ నోరు మెదపకపోవడం, అది ఉంటుంది, దానికి వాళ్లు జవాబు చెప్పాల్సిందే.

2022లో వచ్చిన మిస్ మార్వెల్ సిరీస్ చూశావో లేదో. అందులో కమల వాళ్ల అన్న పెళ్లిలో గొడవ జరిగి, ఆ గొడవలో నకియా కమల శక్తులని కళ్లారా చూస్తుంది. అలా తెలియడం ఎంత ఘోరమో ఆ నటి ముఖంలో కనిపిస్తుంది. కోపం వస్తుంది, దూరం జరుగుతుంది, చివర్లో మళ్లీ దగ్గరవుతుంది. దగ్గరైంది కమల శక్తులు చూపించడం వల్ల కాదు, ఆ పిల్ల సాయం అడగడం వల్ల, పనిలో నకియాకి చోటివ్వడం వల్ల.

కామిక్‌లో కమల వాళ్లమ్మ సంగతి కూడా చెప్పాలి. 2015లో ప్రపంచం ముగిసిపోతోందనే కథలో కమల భయపడుతూ అమ్మకి నిజం చెప్పేస్తుంది, అమ్మేమో నాకెప్పుడో తెలుసు అంటుంది. ఆ పేజీ దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. కానీ చూడు, అమ్మ ఒకే ఇంట్లో ఉంటుంది కాబట్టి చెప్పకపోయినా కనిపెట్టగలదు. స్నేహితురాలు వేరే ఇంట్లో ఉంటుంది. ఆమెకి చెబితేనే తెలుస్తుంది. ‘అర్థం చేసుకోవాలి కదా’ అని స్నేహితుల మీద వేయడం అన్యాయం.

ఇప్పుడు నువ్వేం చెయ్యాలంటే, నువ్వే ఫోన్ చెయ్యి. మూడో మనిషి చేత కబురు పంపకు, ముఖ్యంగా మీ రెండో ఆమెని మధ్యవర్తిని చెయ్యకు, పాపం ఇటూ అటూ నలిగిపోయి చివరికి ఇద్దరికీ చెడ్డదవుతుంది. ఫోన్లో ‘నువ్వు వెళ్లినందుకు కాదు, నాకు చివర చెప్పినందుకు కోపం’ అని ఆ ఒక్క మాట సూటిగా చెప్పు. తర్వాత ఇంకొకటి అడుగు, ఇది కష్టమైనదే: నాకు చెప్పడానికి నీకు ఎందుకు భయమేసిందే? మన సరిహద్దు ఊళ్లలో ఉద్యోగం అంటే ఊరు వదలడమే. విశాఖో, భువనేశ్వరో, హైదరాబాదో. వెళ్లేవాళ్లకి ఉండిపోయేవాళ్ల ముందు సంతోషపడటానికి కూడా సిగ్గుగా ఉంటుంది. ఆమె అది చెబితే వాదించకుండా విను. ఆ తర్వాత కూడా నీకు మనసు కుదరకపోతే మాట్లాడకు, ఎవరూ బలవంతం చెయ్యలేరు. కానీ అడగకుండా తెంచేస్తే ఆమె నీకు చేసిందే నువ్వు ఆమెకి చేసినట్టవుతుంది.

*బరంపురం నుంచి ఒక అమ్మాయి:* మొదటి ఏడాదంతా నా ఒడియా ఉచ్చారణని వెక్కిరించి, క్లాసులో నన్ను అనుకరించి నవ్వించిన అమ్మాయి ఇప్పుడు నాతో స్నేహంగా ఉంటోంది. నా నోట్సు అడుగుతుంది, టిఫిన్ పంచుకుంటుంది. జోయీని కమల క్షమించింది కదా, నువ్వూ క్షమించు అంటున్నారు ఫ్రెండ్స్.

జోయీ అంటే కమల స్కూల్లో చదివే పిల్ల, ఆమె గురించి అందరూ సగమే గుర్తుపెట్టుకుంటారు. మొదటి సంచికలోనే జోయీ నకియా తలమీది గుడ్డని మెచ్చుకుంటూనే, ఇది నీ ఇష్టంతోనే కట్టుకున్నావా, ఎవరైనా బలవంతం చేశారా అన్నట్టు జాలి చూపిస్తుంది. తిట్టు కంటే ఆ జాలే ఎక్కువ గుచ్చుకుంటుంది, నీకు నేను చెప్పక్కర్లేదు. తర్వాత సంచికలో అదే జోయీ నీళ్లలో పడితే కమల తీసి ఒడ్డున వేస్తుంది. అప్పటికి జోయీ మారలేదు, సారీ చెప్పలేదు, అయినా కాపాడింది. నీళ్లలో పడ్డవాళ్లని తీయడం వేరు, స్నేహం చెయ్యడం వేరు. మొదటిది అందరికీ చెయ్యాలి. రెండోది నీ ఇష్టం.

జోయీ మారడానికి చాలా సంచికలు పట్టాయి. సారీ చెప్పింది, కలిసి పనిచేసింది. 2017 కథలో ఇంటర్నెట్‌లో దాగిన ఒక శత్రువు జోయీ రాసుకుని పంపని మెయిల్స్ పట్టుకుని బెదిరిస్తాడు. అవి నకియా మీద తనకున్న ప్రేమ గురించి రాసుకున్నవి. స్కూల్ కంప్యూటర్లలో వైరస్ పెడితే బయటపెట్టనంటాడు. జోయీ ఇంకొకరికి నష్టం చేసి తనని కాపాడుకునే బదులు తన గుట్టు తానే విప్పేస్తుంది. నకియా ఆమెని ప్రేమించలేదు, కానీ అసహ్యించుకోలేదు, దూరం పెట్టలేదు. మొదటి సంచికలో నకియాతో అలా మాట్లాడిన పిల్ల, తన బతుకులో అతి బరువైన మాటని నకియా చేతుల్లో పెట్టే దాకా వచ్చింది. ఆ మార్పు కథలో మనం పేజీ పేజీకీ చూశాం కాబట్టి నమ్ముతాం.

మీ క్లాసు అమ్మాయి అలాంటిదేమైనా చేసిందా? నీ ఉత్తరంలో సారీ అనే మాట ఎక్కడా లేదు, నోట్సు అడిగిందని మాత్రం ఉంది. ఎవరి ముందు నిన్ను వెక్కిరించిందో వాళ్ల ముందు ఒక్కసారి తప్పయిందని చెప్పమను. చెబితే మంచి మొదలు. చెప్పకపోతే నోట్సు ఇవ్వు, టిఫిన్ తిను, మనసులో మాట మాత్రం చెప్పకు. నీ ఒడియా విషయానికొస్తే, బరంపురం వీధుల్లో తెలుగు యాసతో ఒడియా, ఒడియా యాసతో తెలుగు తరాలుగా నడుస్తున్నాయి. ఆ యాస మన ఊరిది. సరిచేసుకోవాల్సిన తప్పేం కాదు.

*సిరొంచ నుంచి, చంద్రపూర్‌లో చదువుకుంటున్న ఒక అమ్మాయి:* హాస్టల్లో చేరిన కొత్తలో మరాఠీ సరిగా రాక ఏడుస్తుంటే మా ప్రాంతం సీనియర్ అక్క ఒకామె నన్ను చేరదీసింది. ఆమె అంటే నాకు ప్రాణం. ఇప్పుడు ఆమె హాస్టల్ ప్రతినిధి అయింది. ఎవరు ఆలస్యంగా రాబోతున్నారు, ఎవరు ఎవరితో ఫోన్లో మాట్లాడుతున్నారు అని ముందే తనకి చెప్పమంటుంది, గొడవ జరగకముందే ఆపొచ్చంటుంది. ఒకసారి నా రూమ్మేట్ గురించి చెప్పాను. వాళ్లింటికి ఫోన్ వెళ్లింది, వాళ్ల నాన్న వచ్చి చదువు మాన్పించి తీసుకెళ్లిపోయాడు. ఆ పిల్ల ఏ తప్పూ చెయ్యలేదు. నాకు నిద్ర పట్టట్లేదు.

అమ్మాయ్, నీ ఉత్తరం చదివి నాకూ మనసు బాగోలేదు. నువ్వు కామిక్ పేరు ఎత్తలేదు కానీ, 2016లో కమలకి జరిగింది అచ్చం ఇదే, అందుకే ఇక్కడ వేస్తున్నాను.

కమలకి కరోల్ డాన్వర్స్ అంటే దేవత, ముందు మిస్ మార్వెల్‌గా ఉండి తర్వాత కెప్టెన్ మార్వెల్ అయిన సూపర్ హీరోయిన్ ఆమె. గోడ మీద బొమ్మ, ఆమె గురించి కథలు రాసుకోవడం, చివరికి ఆమె వదిలేసిన పేరే తను పెట్టుకోవడం. ఆ ఏడాది ‘సివిల్ వార్ టూ’ అనే పెద్ద కథ నడిచింది, అందులో జరగబోయేది ముందే చూడగల కుర్రాడు ఒకడు దొరుకుతాడు. కరోల్ ఏం చేస్తుందంటే, నేరం చెయ్యబోతున్నారని అతను చెప్పినవాళ్లని చెయ్యకముందే పట్టుకోవడం మొదలుపెడుతుంది. జెర్సీ సిటీలో ఆ పనిచేసే కుర్రజట్టుని కమల చేతిలో పెడుతుంది. కమల పొంగిపోయింది. అంత పెద్ద మనిషి నమ్మి అప్పగించింది కదా. మొదట్లో కొన్ని ప్రమాదాలు ఆగాయి కూడా, అందుకే ఇది మంచిదనిపించింది. తర్వాత తన స్కూల్లో చదివే జాష్ అనే కుర్రాణ్ణి, ఇంకా ఏమీ చెయ్యని కుర్రాణ్ణి, బంధించారు. అతన్ని విడిపించబోయి బ్రూనో పేలుడులో తీవ్రంగా గాయపడ్డాడు. కళ్లు తెరిచాక కమలతో స్నేహం వద్దన్నాడు. చదువుకోవడానికి వకాండా (మార్వెల్ కథల్లోని ఆఫ్రికా దేశం) వెళ్లిపోయాడు. చిన్నప్పటి నుంచి పక్కనున్న మనిషి.

కరోల్ చెడ్డమనిషా? కాదు. ప్రాణాలు కాపాడాలనే అనుకుంది. మీ సీనియర్ అక్క కూడా చెడ్డది కాకపోవచ్చు, హాస్టల్లో ఏదైనా జరిగితే ముందు ఆమెనే నిలదీస్తారు, ఆ టెన్షన్ ఆమెకుంది. కానీ జరగని తప్పుకి శిక్ష వేసే పని ఎవరు చేసినా, ఎంత ప్రేమతో చేసినా, దెబ్బ తినేది ఎప్పుడూ కింద ఉన్న పిల్లే. మన దిక్కున ఆడపిల్ల చదువు ఎంత సన్నటి దారం మీద వేలాడుతుందో నీకు నాకంటే బాగా తెలుసు, ఇంటికి ఒక్క ఫోన్ చాలు.

ముందు సీనియర్ అక్క దగ్గరికి వెళ్లి చెప్పు: అక్కా, ఇకనుంచి నేను ఎవరి సంగతీ చెప్పను. ఎవరికైనా ప్రాణం మీదికి వస్తే, ఎవరైనా వేధిస్తుంటే, అప్పుడు చెప్తాను, అది కూడా ఆ అమ్మాయిని అడిగి చెప్తాను. గౌరవంగానే చెప్పు, గొడవ అక్కర్లేదు. కమల కూడా కరోల్‌కి ఎదురు నిలబడి వద్దంది, ఆ మాట అనడానికి ఆమె గుండె ఎంత పగిలిందో అక్షరాలా కనిపిస్తుంది. ‘నీకు మరాఠీ నేర్పాను కదా’ అని ఆమె అంటే, అవును నేర్పావు, ఆ రుణం నేను నా చేతులతో తీరుస్తాను, వేరేవాళ్ల ఇళ్లు కూల్చి తీర్చలేను అని చెప్పు. ఆమె నిజంగా నీ అక్కే అయితే కొన్నాళ్లు అలిగి ఊరుకుంటుంది.

రెండోది మీ రూమ్మేట్. సారీ మెసేజ్ పెట్టి ఊరుకోకు, నీ మనసు తేలికవడం కోసం చేసినట్టుంటుంది. ఆ అమ్మాయి పేరు కాలేజీ రికార్డుల్లోంచి తీసేశారా, పరీక్ష ఫీజు గడువు ఎప్పుడు, ఇంటి నుంచి చదివి పరీక్ష రాసే వీలుందా, ఇవన్నీ ఆఫీసులో కనుక్కో. మంచి మేడమ్ ఎవరైనా ఉంటే వాళ్ల నాన్నతో మాట్లాడమని బతిమాలు, పెద్దవాళ్ల మాట అయితే వినొచ్చు. నువ్వు వాళ్లింటికి వెళ్లగలిగితే, వాళ్లమ్మ ముందు ‘నాకు తెలియని విషయం తెలిసినట్టు చెప్పాను, మీ అమ్మాయి తప్పేమీ లేదు’ అని ఒప్పుకో. తిడతారు. తిట్టించుకో. రూమ్మేట్ నీతో మళ్లీ మాట్లాడుతుందో లేదో అది ఆమె ఇష్టం, నువ్వు దానికోసం ఇదంతా చేస్తున్నట్టు ఉండకూడదు. ఏం జరిగిందో నాకు మళ్లీ రాయి, తప్పకుండా రాయి.

*ధర్మాబాద్ నుంచి:* నేనూ నా స్నేహితురాలూ ఎనిమిదో తరగతి నుంచి ఖోఖో కలిసి ఆడుతున్నాం. ఈసారి కెప్టెన్సీ ఆమెకిచ్చారు. ఆమె నాతో మామూలుగానే ఉంది, నేనే ఉండలేకపోతున్నాను.

నీకు మార్వెల్ కాదు, డీసీ అనే ఇంకో కామిక్స్ కంపెనీ వాళ్ల బ్యాట్‌గర్ల్ కథలు చెప్తాను. కసాండ్రా కేన్ 1999లో బ్యాట్‌గర్ల్ అయింది. చిన్నప్పుడు తండ్రి మాటలు నేర్పకుండా పెంచాడు, ఎదుటి మనిషి ఒంటి కదలికలు చూసి మనసు చదవగలదు, పోరాటంలో ఆమెకి సాటి లేరు. స్టెఫనీ బ్రౌన్ అలా కాదు, వాగుతూనే ఉంటుంది, దెబ్బలు తింటుంది, అందరూ నీవల్ల కాదు మానెయ్ అంటుంటే మళ్లీ వస్తుంది. 2009లో కసాండ్రా విడిచిన దుస్తులు స్టెఫనీ వేసుకుని బ్యాట్‌గర్ల్ అయింది. పాఠకులు రెండు జట్లుగా చీలి ఏళ్ల తరబడి వాదించుకున్నారు, అసలు బ్యాట్‌గర్ల్ ఎవరని. 2021 చివర్లో మొదలైన ‘బ్యాట్‌గర్ల్స్’లో మాత్రం ఇద్దరూ ఒకేసారి ఆ పేరుతో తిరుగుతారు, వాళ్లకంటే ముందు ఆ పేరు మోసిన బార్బరా గోర్డన్‌తో కలిసి ఒకే ఇంట్లో ఉంటారు. ఒకరికి రానిది ఇంకొకరికి వచ్చు, అందుకే ఆ జత బాగుంటుంది.

ఖోఖోలో కెప్టెన్ ఒక్కరే ఉంటారు, అది మారదు. నీ అసూయ సంగతి ఆమెకి చెప్పెయ్యి, ‘నాకు కావాలనుకున్నానే, నీకొచ్చింది, నాలుగు రోజులు మొహం మాడ్చుకుంటాను, పట్టించుకోకు’ అని. ఆమెకి ఇప్పటికే తెలిసి ఉంటుంది. చెప్పకుండా ఉంటే మాత్రం అది ఆటలోకి వస్తుంది, ఖో ఇచ్చేటప్పుడు నీ చెయ్యి అర సెకను ఆలస్యమవుతుంది.

*రాయగడ నుంచి ఒక అమ్మ:* మా అమ్మాయి ఈ బొమ్మల కథలు చదవడం మొదలుపెట్టాక ప్రాణస్నేహితురాలితో మాట్లాడటం మానేసింది. ఏదో అంటే ‘అది నాకు నిజం చెప్పలేదు’ అంటుంది. ఫోన్ తీసేసుకోమంటారా?

తీసుకోవద్దమ్మా. గొడవ కామిక్ వల్ల రాలేదు. గొడవకి ఒక పేరు కామిక్ వల్ల దొరికింది, అంతే, ఆ పేరు లేకపోతే ఆ పిల్ల మీకు ఆ ఒక్క వాక్యం కూడా చెప్పేది కాదు. మొదటి అయిదు సంచికలు కలిపి ‘నో నార్మల్’ అనే పుస్తకంగా వచ్చాయి, అది మీ అమ్మాయినే చదివి తెలుగులో చెప్పమనండి. కమల వాళ్లమ్మ కూతురి మీద కేకలేసే సీన్లు వస్తాయి, అక్కడ మీరిద్దరూ నవ్వుకుంటారు. స్నేహితురాలి గురించి మీరు అడగొద్దు. మధ్యలో తనే చెప్తుంది.

*జయపురం నుంచి, కామిక్ గీస్తున్న ఒక అమ్మాయి:* ముగ్గురు అమ్మాయిల సూపర్ హీరో జట్టుతో కామిక్ గీస్తున్నాను. కథ మధ్యలో వాళ్లు విడిపోవాలి. విలన్ చాడీలు చెప్పి విడదీసినట్టు రాశాను కానీ చదివితే నాకే నచ్చట్లేదు.

నచ్చకపోవడం మంచిదే. విలన్‌ని ఆ సీన్లోంచి తీసెయ్. బయటివాడు విడదీస్తే, వాడు అబద్ధమాడాడని తేలగానే ముగ్గురూ కలిసిపోతారు, ఇక చదివేవాళ్లకి భయమేముంది? పైన ఉత్తరాలు చూడు, ఒక్కదాంట్లో అయినా విలన్ ఉన్నాడా? ఉద్యోగం వచ్చినామెకి మంచిమనసే, సీనియర్ అక్కకి మంచిమనసే. ఇద్దరికీ కారణం ఉండి, ఇద్దరూ ఒకరి మేలు ఇంకొకరు కోరుతూనే తప్పు చేస్తే, అప్పుడు చదివేవాళ్లు ఎవరి పక్షం ఉండాలో తెలియక పేజీ తిప్పుతారు.

నీ ముగ్గురికీ ఒక్కొక్క శక్తి ఇచ్చావు కదా, గొడవ ఆ శక్తిలోంచే రానీ. ఎగరగలిగినామె మిగతా ఇద్దరినీ కొండ కింద వదిలేసి ‘మీకు ప్రమాదం’ అని ఒక్కతే వెళ్లిపోయిందనుకో. గెలిచి వస్తుంది, దెబ్బ లేకుండా వస్తుంది, అయినా కింద ఉన్నవాళ్లు ఆమెతో మాట్లాడరు. అంతే చాలు, పెద్ద పెద్ద డైలాగులు వద్దు. ఆ కొండ దేవమాలి కావచ్చు, ఒడిశాలోకెల్లా ఎత్తైనది మీ కోరాపుట్ జిల్లాలోనే ఉండగా ఇంకేదో ఊహాలోకం ఎందుకు? కొలాబ్ జలాశయం ఉంది, డుడుమా జలపాతం ఉంది, జయపురం సంత ఉంది. ఆల్ఫోనా బొమ్మల్లో వెనకాల షాపు అరల మీద, గోడల మీద ఎన్ని చిన్న చిన్న సంగతులుంటాయో గమనించు. నీ సంతలో కూడా అలా వెయ్యి.

గీతల గురించి ఒక సలహా. విడిపోవడానికి ముందు పేజీల్లో ముగ్గురినీ ఎప్పుడూ ఒకే గడిలో వెయ్యి, భుజాలు తగిలేలా. గొడవ తర్వాత ఒక్కొక్కరినీ వేరే గడిలో పెట్టు, మధ్యలో తెల్లటి ఖాళీ వదులు. ఎవరూ ఏమీ అనకపోయినా తెలిసిపోతుంది. మళ్లీ కలిసేటప్పుడు మాత్రం తొందరపడకు. ఇద్దరిని ముందు ఒకే గడిలోకి తీసుకురా, మూడో ఆమెకి ఇంకో రెండు పేజీలు పట్టనీ.

నీ పాత్రలు తెలుగు, ఒడియా, మీ కోరాపుట్ వైపు మాట్లాడే దేశియా మూడూ కలిపి మాట్లాడతాయని రాశావు, ఎవరైనా అర్థం కాదంటే తెలుగులోకి మార్చేస్తానన్నావు. మార్చొద్దు. కమల వాళ్ల ముత్తాతలు 1947లో బొంబాయి నుంచి కరాచీకి బయల్దేరిన కథ కూడా ఆ కామిక్‌లో వస్తుంది. అక్కడ మనుషులు సరిహద్దు దాటారు. మన దగ్గర 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రమైనప్పుడు మనుషులు కదల్లేదు, జయపురం, పర్లాకిమిడి మద్రాసు నుంచి అటు వెళ్లాయి. అలాంటి ఊళ్లో పెరిగిన ముగ్గురు పిల్లలు ఒకే భాషలో పోట్లాడుకుంటే ఎవరూ నమ్మరు. కోపం వచ్చినప్పుడు ఎవరు ఇంటి భాషలోకి వెళ్లిపోతారో, ఆ మాట మిగతా ఇద్దరిలో ఎవరికి అర్థం కాదో, అది నీ కథకి చాలా పనికొస్తుంది. పేజీలు పూర్తయ్యాక పంపు, చదివి రాస్తాను. పంపేముందు నీ సొంత స్నేహితురాళ్లకి చూపించు, వాళ్ల మాటలూ వాళ్ల గొడవలూ వాడుకున్నావు కాబట్టి వాళ్లు ఏదైనా తీసెయ్యమంటే తీసెయ్.